పురసవాక్కం బడి గుమ్మంలో నాలుగు రోజులు

మదరాసు వెళ్ళొచ్చానని తెలిసి మా వీధివాళ్ళు సాయంత్రాలు మా అరుగు మీద చేరుతున్నారు. సముద్రం చూశావా, హైకోర్టు మీది దీపం చూశావా, చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ రెండూ చూశావా అని ఒకటే ప్రశ్నలు. అక్కడ మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జంతువుల తోటను బతికిన కాలేజీ అనీ అంటారు. నేను రెండూ చూడలేదు. నాలుగు రోజులుండి ఒక బడి చూసి వచ్చాను. ఆ సంగతి నోటితో చెప్పబోతే గొంతు లేచిపోతోంది. "మెల్లగా చెప్పరా, పోట్లాడుతున్నావనుకుంటారు" అని మా అమ్మ లోపలి నుంచి కేకేస్తోంది. అందుకని రాస్తున్నాను.

ముందు మేమెవరమో చెప్పాలి. నేను కావలి దగ్గర బోర్డు స్కూల్లో పంతులుని. పేరు మస్తాన్. మేము నూర్‌బాషాలం. ఊరు మమ్మల్ని దూదేకులవాళ్ళంటుంది. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబ్బీ. పెళ్ళికి నికా చదివిస్తాం, పెళ్ళికూతురికి నల్లపూసలూ కడతాం. మా బావ కాశీం దూది ఏకి పరుపులు కుడతాడు. భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఊళ్ళు తిరుగుతుంటాడు. ఆయన కూతురు హుసేన్‌బీకి పన్నెండేళ్ళు. మసీదు ములాసాబు దగ్గర ఖురాను చదవడం పూర్తిచేసింది. నా దగ్గర అయిదో తరగతి ముగించింది. నేను బోర్డు మీద లెక్క రాయడం ముగించేలోగా జవాబు చెప్పి, మిగతావాళ్ళు చేసేదాకా గోళ్ళు చూసుకుంటూ కూర్చునే పిల్ల. మా ఊళ్ళో ఆపైన ఆడపిల్లలకు బడి లేదు.

మదరాసులో ముస్లిములు సొంతంగా నడిపే బడి ఒకటుందని, పొద్దున ఖురాను, మతవిషయాలు చెప్పి ఆపైన సర్కారు బడుల్లో ఉండే చదువంతా చెబుతారని, ఆడపిల్లలకు వేరే భాగముందని, దూరపు పిల్లలకు అక్కడే బస అని ఒక అత్తరు వ్యాపారి చెప్పాడు. ఉత్తరం రాశాను. పిల్లను తీసుకురండి, పరీక్షించి చేర్చుకుంటామని ఇంగ్లీషులో జవాబొచ్చింది. నేను పదిరోజులు సెలవు పెట్టి, హుసేన్‌బీని వెంటబెట్టుకుని బయలుదేరాను.

రైలులో

పాసింజరు బండి ప్రతి స్టేషన్లోనూ ఆగి ఆలోచించుకుని కదులుతుంది. గూడూరులో ఇడ్లీలు కొన్నాం. మా ఊళ్ళో అణాకి మూడిస్తారు, అక్కడ రెండే, పైగా చట్నీలో నీళ్ళెక్కువ. మా ఎదుటి బల్ల మీద ఇద్దరు పెద్దమనుషులు మదరాసు తెలుగువాళ్ళదా, అరవవాళ్ళదా అని నాయుడుపేట నుంచి సూళ్ళూరుపేట దాకా వాదించుకున్నారు. వాళ్ళలో ఒకాయన నావైపు తిరిగి, "మీరేమంటారు? మదరాసు మనది కాదూ?" అన్నాడు. మనదేనన్నాను. పేరడిగాడు. చెప్పాను.

"తురకలా! తెలుగు ఇంత చక్కగా మాట్లాడుతున్నారే!" అన్నాడు.

"మా అమ్మ తిట్టినా తెలుగులోనే తిడుతుందండీ" అన్నాను. ఆయన నవ్వాడు కాని, ఆ తరవాత మదరాసు గురించి నన్నేమీ అడగలేదు.

గుమ్మిడిపూండిలో ఒకడు మూటలు సరిగా దించలేదని కూలీని "పింజారీ వెధవా" అని తిట్టాడు. పింజారి అంటే దూది ఏకేవాడు. మా తాతముత్తాతల పని పేరది. దాన్ని ఎవడు ఎప్పుడు తిట్టుగా మార్చాడో తెలియదు కాని, తెలుగుదేశంలో చదువుకున్నవాళ్ళు కూడా నోరారా వాడతారు. హుసేన్‌బీ విని కిటికీవైపు తిరిగింది. పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. నాకు మాత్రం విన్న ప్రతిసారీ కొత్తగానే మండుతుంది.

ఈ మంటలో చూసుకోలేదు, పై బల్ల మీద ఆవకాయ జాడీ వాసెన గుడ్డ ఊడి, నూనె నా సంచీలోకి దిగింది. బడివాళ్ళ ముందుకు వేసుకెళ్ళడానికని ఇస్త్రీ చేయించి తెచ్చిన ఒక్కగానొక్క తెల్లచొక్కా వీపున ఎర్రటి మరక పడింది.

మైలాపూరు

హార్బరు దగ్గరి తొండియార్‌పేట వెళ్ళవలసినవాళ్ళం మైలాపూరు వెళ్ళాం. సెంట్రల్ స్టేషను బయట ట్రాము కనబడగానే, మళ్ళీ దొరకదేమోనన్నట్టు ఎక్కేశాను. కండక్టరు అరవంలో ఏదో అడిగాడు, నేను తలూపాను. వీధులు సన్నబడి, గోపురం కనబడి, పూలవాసన కొట్టేసరికి హుసేన్‌బీ, "మామా, హార్బరు దగ్గర సముద్రముండాల గదా?" అంది. అప్పుడు దిగాం.

పూలమ్ముకునే ముసలామె మా మొహాలు చూసి, "తెలుంగా? ఏడికి పోవాల?" అంది. చెప్పాను. నుదురు కొట్టుకుని, "అయ్యో కడవుళే! అది వడక్కు, ఇది తెర్కు. వచ్చిన దోవనే పోండి" అని ఉత్తరానికి చెయ్యి చూపింది. వాళ్ళ తాతల కాలంలోనే వచ్చి అక్కడ స్థిరపడ్డారట. ఆమె మా పేర్లడగలేదు. పిల్ల జడలో ఒక మూర మల్లెపూలు తురిమి, డబ్బులిస్తే పుచ్చుకోలేదు. ఆ రోజు దారి మొత్తంలో నాకు మిగిలిన మంచి అదొక్కటే.

తొండియార్‌పేట

మా బస యేసుదాసు ఇంట్లో. అతను మా ఊరివాడే, మా వీధి వెనక మాలపల్లెలో పుట్టాడు. ఇరవై ఏళ్ళ కిందట వచ్చి హార్బరులో మూటలు మోస్తున్నాడు. భార్య దేవకరుణమ్మ ఇక్కడే పుట్టిపెరిగింది. పురసవాక్కంలో ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయా పని. ఒకటే గది, ముందు పంచ. ఆ వరసలో అలాంటి ఇళ్ళు ఇరవై దాకా ఉంటే అన్నిటికీ కలిపి ఒక కొళాయి. పొద్దున్నే బిందెలు వరసగా పెట్టి మనుషులు వెళ్ళి పనులు చేసుకుంటారు, వంతు వచ్చేసరికి ఎక్కడి నుంచో వచ్చి నిలబడతారు. మా ఊళ్ళో ఎవరి బావి వాళ్ళదే, ఎవరి కులం వాళ్ళదే. ఇక్కడ బిందెలకు కులం లేదు. ఆ మాటే దేవకరుణమ్మతో అంటే, "పైప్‌లో నీళ్ళు రెండు గంటలే వస్తాయన్నా. కులం చూస్తా కూచుంటే కొంజం కూడా దొరకవు" అంది.

ఆమె మాకోసం కానాగంతల పులుసు వండింది. వడ్డిస్తూ నాతో గొంతు తగ్గించి, "కోడి తెద్దామనుకున్యామన్నా. మీవోళ్ళు కోస్తేనే తింటారు గదా, ఈడ దగ్గర్లో ఎవురూ లేరు. చేపకైతే ఆ బాధ లేదని అడిగి తెలుసుకున్యా. కుండ కూడా కొత్తదే, మా ఇంట్లో పందికూర వండిన కుండల్లో వండలా" అంది. ఎవరిని అడిగిందో, ఎంత దూరం నడిచి కనుక్కుందో తెలియదు. పులుసులో కొబ్బరిపాలు పోశారు, మనకది కొత్త, కాని రెండు ముద్దలకే అలవాటైపోయింది. నా చొక్కా మరక కూడా ఆమే సున్నం రాసి ఉతికింది. సగం పోయింది.

పురసవాక్కం

మర్నాడు దేవకరుణమ్మ పనికి వెళ్తూ మమ్మల్ని వెంటబెట్టుకుని బడి దాకా దిగబెట్టింది. జవుళి కొట్లూ నగల కొట్లూ దాటి, ఒక సందు చివర ఆకుపచ్చ గేటు.

నిజం చెప్పాలి, ఆ బడిని చూసి నా కడుపు నిండింది. కోపం వల్ల ఆ నిజాన్ని దాచను. తోలు వర్తకులు కూడి పెట్టిన బడి. సర్కారు సొమ్ము ముట్టరట. సెలవు ఆదివారం కాదు, శుక్రవారం. మేము వెళ్ళేసరికి చిన్నపిల్లలు తలలు ఊపుతూ ఖురాను వల్లిస్తున్నారు. గంట కొట్టారు. అదే గదిలో, అదే పిల్లల ముందు, గోడకి ఆసియా పటం వేలాడదీశారు. నల్లబల్ల మీద ఒక పక్క అరబ్బీ క్రియాపదం, రెండో పక్క దశాంశాలు. మా ములాసాబు దశాంశాలు తెలియనివాడు. నాకు అరబ్బీ వ్యాకరణం రాదు. మా ఊళ్ళో పిల్లలు మా ఇద్దరి మధ్య సగం సగం మనుషులుగా పెరుగుతున్నారు. ఇక్కడ ఒకే బల్ల మీద రెండూ. హుసేన్‌బీ నా చెయ్యి వదిలేసి కిటికీ చువ్వలు పట్టుకుంది, గుమాస్తా పిలిచేదాకా కదల్లేదు.

ఆడపిల్లల భాగంలో పెద్ద టీచరు జైనబు. పులికాటు మనిషి, ఇంట్లో అరవం మాట్లాడుతారు, తెలుగు కూడా వచ్చు. నలభై దాటి ఉంటాయి. హుసేన్‌బీకి అయిదు లెక్కలిచ్చింది. పిల్ల అయిదూ చేసి, ఆరోది ఏదీ అన్నట్టు చూసింది. "ఇంత వేగమా! ఎవరు నేర్పించార్మా?" అంటే నన్ను చూపించింది. తర్వాత తెర అవతల నుంచి ఉస్తాదు ఖురాను చదివించి, ఉచ్చారణ బాగుందన్నాడు. జైనబు టీచరు నావైపు తిరిగి, "సెక్రటరీ సాహెబు సంతకం పెట్టాల, అంతే" అంది.

మధ్యాహ్నం నమాజుకి బడి ఆవరణలోని హాలులో అందరం వరసగా నిలబడ్డాం. నా ఎడమ పక్క నల్ల షేర్వాణీ వేసుకున్న పెద్దమనిషి. భుజానికి భుజం తగిలించి నిలబడాలని మనకు నియమం కదా, ఆయన భుజం నా భుజానికి తగిలే ఉంది. నమాజు ముగిశాక తెలిసింది, ఆయనే సెక్రటరీ.

ఆయన గదిలో కుర్చీ చూపించాడు. ఉర్దూలో మాట్లాడాడు. నా ఉర్దూ కుంటిది, తెలుగులో రాస్తున్నాను.

"ఇంట్లో ఏ భాష?"

"తెలుగండీ."

"ఏ ఖాందాన్, ఏ వంశం?"

"నూర్‌బాషాలం."

"అంటే?"

"దూది ఏకేవాళ్ళం."

చేతిలోని కలం బల్లమీద పెట్టేశాడు. అంతవరకూ దరఖాస్తు చూస్తున్నవాడు, అప్పుడు నా చొక్కా చూశాడు. "మీ వాళ్ళకి ఉర్దూ రాదు. ఈ పిల్ల మా బడిలో నెగ్గలేదు" అన్నాడు.

"జైనబు టీచరుగారింట్లో కూడా ఉర్దూ లేదు కదండీ. ఇక్కడ సగం మంది పిల్లలు అరవంలోనే మాట్లాడుకుంటున్నారు, విన్నాను."

"వాళ్ళు వర్తకులు." కొంచెం ఆగి, ఏదో ఉపకారం చేస్తున్నవాడిలా మెల్లగా అన్నాడు: "చూడండి మాస్టర్, బసలో షరీఫు కుటుంబాల, పెద్దింటి ఆడపిల్లలుంటారు. ఒకే పళ్ళెంలో తింటారు. రేపు వాళ్ళ తల్లిదండ్రులు నన్నడిగితే ఏం చెప్పను? పింజారీ పిల్లని పక్కన కూర్చోబెట్టామని చెప్పనా?"

గుమ్మిడిపూండిలో విన్న మాట. అక్కడ అన్నవాడు మమ్మల్ని ఎరగడు. ఇతను ఎరిగే అన్నాడు.

"ఇందాక మీ భుజం నా భుజానికి తగిలే నిలబడ్డారు" అన్నాను. "అల్లా ముందు అంటుకోనిది అన్నం ముందు అంటుకుంటుందా?"

"నమాజు వేరు, ఖాందాన్ వేరు."

"మీ బసలో పరుపులున్నాయి కదా, ఆ దూది ఎవరు ఏకారో కనుక్కున్నారా? వాటి మీద షరీఫు పిల్లలు ఎలా పడుకుంటున్నారు?"

ఇలాంటివి ఇంకా చాలా అన్నాను. ఉర్దూలో మొదలెట్టి తెలుగులోకి వచ్చేశాను. కేకలు విని గుమాస్తా వచ్చాడు. గుమ్మం దగ్గర తెర పక్కన పిల్లతోపాటు జైనబు టీచరు నిలబడే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. నేను పిల్ల రెక్క పట్టుకుని బయటికి వచ్చేశాను. గుమాస్తా గేటు దాకా వెంటబడి వచ్చి, అటూ ఇటూ చూసి చెప్పాడు: "మాస్టర్, కోపం మానండి. రేపు కొత్త దరఖాస్తు రాసుకురండి. నూర్‌బాషా అని వద్దు, షేక్ అని రాయండి. తండ్రి పత్తి వ్యాపారి అనండి. ఇంట్లో ఉర్దూ అనండి. సాహెబు కళ్ళు మూసుకుని సంతకం పెడతాడు. చాలామంది ఇలాగే చేరారు."

ట్రాములో

వీరుడిలా తల ఎత్తుకుని ట్రాము ఎక్కాను. హుసేన్‌బీ బయటికే చూస్తూ కూర్చుంది. రెండు స్టాపులు పోయాక అడిగాను, ఆకలేస్తోందా అని. ఇంకో స్టాపు పోయాక, నావైపు తిరక్కుండానే అంది:

"నువ్వు బాగా అరిచినావు మామా. నువ్వు అరిచి రేపు నీ బడికి నువ్వు పోతావు. నేనేడికి పోవాల?"

నేను చేతిలోని ట్రాము టిక్కెట్లు మడిచాను. "నాకా బడి కావాల. ఆ నల్లబోర్డు చూసినావా నువ్వు?" అంది. అప్పుడు ఏడ్చింది. ట్రాములో ఒక పెద్దాయన నేనేదో పిల్లని కొట్టాననుకుని నన్ను గుడ్లురిమి చూశాడు.

ఆ సాయంత్రం పంచలో కూర్చుని కొత్త దరఖాస్తు రాశాను. షేక్. పత్తి వర్తకం. ఇంట్లో ఉర్దూ. నా దస్తూరీ మా స్కూల్లో అందరికంటే గుండ్రంగా ఉంటుందని పేరు, ఆ అబద్ధాలు కూడా ముత్యాల్లా వచ్చాయి. మీ నాయన ఏం చేస్తాడని అడిగితే ఉర్దూలో ఏం చెప్పాలో పిల్లకు నేర్పాను. రెండుసార్లకే పట్టేసింది. దేవకరుణమ్మ చేపలు తోముతూ విని, "నాయన్ని గూడా మార్చేదన్నా? మావోళ్ళు పేర్లు మార్చుకున్యారు బాప్తిస్మంలో. నాయన్ని మార్చలా" అంది. యేసుదాసు ఆమెను కసిరాడు. "అయివోరికి తెలీదా? నువ్వు పని చూసుకో."

నాకు తెలుసు. తెలిసే రాశాను.

మళ్ళీ పురసవాక్కం

అబద్ధం ఎంత సులువుగా పనిచేసిందో చెబితే నమ్మరు. నిన్న కలం కింద పెట్టిన మనిషి ఈరోజు కలం తీశాడు. నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, కుశలమడిగి, పిల్లని పిలిచి, "బేటీ, మీ నాన్న ఏం చేస్తారు?" అన్నాడు. హుసేన్‌బీ చేతులు కట్టుకుని, నేల చూస్తూ, నేను నేర్పిన మాటలు ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. "మాషా అల్లా, ఎంత శుభ్రమైన ఉర్దూ!" అన్నాడు. సంతకం పెట్టాడు. నిన్న అతను తిట్టినప్పుడు కలగని రోత, ఇప్పుడు మెచ్చుకుంటుంటే కలిగింది.

రిజిస్టరులో ఎక్కించడానికి కాగితం జైనబు టీచరు గదికి వెళ్ళింది. ఆమె చదివింది. పిల్లని వరండాలోకి పంపి, తలుపు దగ్గరికి వేసి, నామీద విరుచుకుపడింది.

"ఏంద సార్ ఇది? నిన్న పులి మాదిరి అరిస్తిరి. ఈ రోజు పిల్లిగా వస్తిరే?"

"సీటు కోసమమ్మా."

"పొద్దున మొదటి పీరియడ్‌లో అబద్ధం హరామని చెప్పాల నేను. ఈ పిల్ల ఎదురుగ్గా ఉంటే నా నోట ఆ మాట ఎట్లా వస్తాది? పిల్లలకు చదువు చెప్పే వాత్తియారు మీరు. మా బడిలో ఆ పిల్లకి మొదటి పాఠం మీరే చెప్పేస్తిరి." ఆమె కాగితం బల్లమీద పడేసింది. "సరి, అది పోనీయండి. రేపు వాళ్ళ నాయన బిడ్డని చూడను వస్తాడు. భుజం మీద విల్లు ఉంటాది. గేటుకాడ అతన్ని నిలబెట్టి ఇతనెవరని అడిగితే, ఈ పిల్ల ఏమి చెప్పాల? మా నాయన అని చెప్తే సీటు పోతాది. కాదు అని చెప్తే?"

మా బావ కూతుర్ని చూడ్డానికి తప్పకుండా వస్తాడు. దారిలో నాలుగిళ్ళకు దూది ఏకి ఆ డబ్బుతో మిఠాయి కొనుక్కుని మరీ వస్తాడు. నా గుండ్రటి దస్తూరీ ఆయన్ని గేటు బయట నిలబెడుతుందని నాకు అంతవరకూ తోచనేలేదు.

"మరి నిన్న మీరెందుకు నోరు మూసుకున్నారు?" అన్నాను. నాకూ కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"అదే నాక్కూడా కోపం" అంది. "మా అవ్వ పులికాటులో ఉప్పుచేపలు అమ్మింది, తల మీద గంప పెట్టుకుని. ఇప్పుడు మేము వర్తకులు. నిన్న ఆయన ఆ మాట అన్నప్పుడు, పోనీలే, మమ్మల్ని మంచివాళ్ళలో కలిపినాడే అని ఒక క్షణం సంతోషం వచ్చింది సార్ నాకు. ఆ సంతోషాన్ని తలుచుకుంటే అన్నం దిగలా. రండి, లోపలికి పోదాం."

ఇద్దరం వెళ్ళాం. హుసేన్‌బీ మా వెనకే వచ్చింది. దరఖాస్తులో రాసింది అబద్ధమని, రాసింది నేనేనని, పిల్ల తప్పు లేదని చెప్పాను. సెక్రటరీ మొహం కందగడ్డయింది. "నాతో ఆటలా? బడిని మోసం చేస్తారా? మీ స్కూలుకి రాస్తాను" అన్నాడు.

"రాయండి. ఇలా రాసుకు రమ్మని మీ గుమాస్తానే చెప్పాడని కూడా రాయండి" అన్నాను. గుమాస్తా గోడకున్న మక్కా పటాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూడసాగాడు.

జైనబు టీచరు ముందుకొచ్చింది. ఆమె గొంతు పెంచలేదు. "సాహెబ్, ఈ పిల్ల పరీక్షలో నెగ్గింది. వద్దంటే నా పేరు కూడా కొట్టేయండి."

ఆ బెదిరింపు ఉత్తది కాదు. పై తరగతులకు గుర్తింపు కోసం ఇన్‌స్పెక్టరు త్వరలో రాబోతున్నాడట. ఆడపిల్లల భాగంలో ట్రైనింగు పాసైన టీచరు ఆమె ఒక్కర్తే. సెక్రటరీ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. న్యాయం తోచి ఒప్పుకున్నాడని రాయాలని నాకూ ఉంది. కాని నేను చూసింది లెక్క వేసుకుంటున్న మనిషిని. చివరికి అన్నాడు: "చదువుకోనీ. కాని బసలో మాత్రం చోటు లేదు. బయట ఎక్కడైనా ఉండి రావాలి."

పొద్దున సంతకం పెట్టినప్పుడు ఉన్న చోటు మధ్యాహ్నానికి లేకుండా పోయింది. మళ్ళీ నా గొంతు లేవబోయింది. హుసేన్‌బీ నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నాకు ఈరోజుకీ అరగలేదు.

జైనబు టీచరు కొత్త కాగితం పిల్ల ముందు పెట్టి, "నీ చేత్తో రాయమ్మా" అంది. ఇంగ్లీషూ ఉర్దూ అచ్చుతో ఉన్న కాగితం. తండ్రి వృత్తి అన్నచోట హుసేన్‌బీ తెలుగులో రాసింది: మా నాయన దూది ఏకుతాడు. అది చాలదనుకుందేమో, పక్కన ఇంకో మాట చేర్చింది: బాగా ఏకుతాడు.

సెలవు

బయట ఉండడమంటే ఎక్కడ? జైనబు టీచరు తన అన్నగారింట్లో ఒక మూల ఉంటోంది, అక్కడ అడగలేం. తొండియార్‌పేట చేరి విషయం చెప్పి, పిల్లని వెనక్కి తీసుకుపోతానన్నాను. దేవకరుణమ్మ బియ్యం చెరుగుతున్నదల్లా చాట కింద పెట్టింది.

"ఎందుకన్నా ఆడికి తీసకపోయేది? ఈడ ఉండనీ. రోజూ నేను ఆ దోవనే గదా పోతా వస్తా ఉండా."

"ఏళ్ళ తరబడి మాటమ్మా ఇది."

"ఆమా. ఏళ్ళే. మాకేమన్నా ఆడబిడ్డ ఉందా? ఉంటే ఏళ్ళ తరబడి పెంచేదిలే అంటామా?" అంది. తర్వాత కొంచెం జంకుతూ అడిగింది, "ఒకటి చెప్పన్నా. ఆదివారం మేం గుడికి పోతాం. పాపని రమ్మని అనం. ఆ పాప నమాజుకి తెల్లారి ఎన్ని గంటలకు లేపాల?"

ముస్లిం బడి బసలో ముస్లిం పిల్లకు చోటు లేదు. హార్బరు కూలీ క్రైస్తవుడి ఒంటిగది ఇంట్లో ఉంది, తెల్లవారుజామున నమాజుకు లేపే మనిషితో సహా. ఇది చదివి మా మతాన్ని చూసి నవ్వేవాళ్ళు కొందరుంటారు. నవ్వేముందు మీ బావుల సంగతి చూసుకోండి.

నాలుగోరోజు పొద్దున యేసుదాసు డ్యూటీ మానుకుని స్టేషనుకు వచ్చాడు. హుసేన్‌బీ రాలేదు. అప్పటికే బడికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా ముందు నిలబడి, "ట్రాములో నిన్నట్టా అన్నందుకు కోపమా మామా?" అంది. లేదన్నాను. "నాకు మాత్రం ఇంకా కొంచెం ఉంది" అని చెప్పి దేవకరుణమ్మ వెంట పరిగెత్తింది.

ఇంటికొచ్చాక

బావ పరుపు కుడుతున్నాడు. ఒళ్ళంతా దూది. సూది ఆపకుండానే, "నా సంగతేమన్నా అడిగినారా?" అన్నాడు. అన్నీ చెప్పాను, నేను రాసిన అబద్ధంతో సహా. బావ కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండుననుకున్నాను. ఆయన దారం పళ్ళతో తెంపి, "అట్నే ఉంచాల్సింది మస్తానూ. పిల్ల నిక్షేపంగా ఆడ్నే ఉండేది. నేను పోకపోతే సరిపాయె" అన్నాడు.

బిడ్డ చదువు కోసం తను లేకుండా పోవడానికి కూడా ఇంత తేలిగ్గా సిద్ధపడిపోయాడు. ఆ తేలికను చూసి నాకు వచ్చిన కోపం ముందు, సెక్రటరీ మీద వచ్చింది ఒక లెక్కలోది కాదు. ఇన్నేళ్ళుగా ఈ మనిషిని ఇలా తయారు చేసినవాళ్ళు ఒకరా ఇద్దరా? వాళ్ళలో చాలామంది మా అరుగు మీద కూర్చుని మదరాసు కబుర్లడిగేవాళ్ళే.

నిన్న హుసేన్‌బీ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. దేవకరుణత్త ఇడ్లీలోకి చేపపులుసు వేస్తోందట, బాగుందట. అరబ్బీ వ్యాకరణం కష్టం కాదట. లెక్కల్లో మొదటి మార్కు తనదేనట. అడుగున చోటు చాలక చిన్న అక్షరాలతో రాసింది: "క్లాసులో ఒక్కో బెంచీకి నలుగురు. నా బెంచీలో నేనొక్కదాన్నే. పుస్తకాలు పరుచుకోను చోటు శానా ఉంది, మీరేం బాధపడొద్దు."

బావ ఆ కార్డు నాచేత మూడుసార్లు చదివించుకుని, "చూడు, బెంచీ మొత్తం మా పిల్లదే!" అని వీధిలో అందరికీ చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ. నేను ఈ ఉదయం మళ్ళీ సెలవు చీటీ ఇచ్చాను. కారణం అన్నచోట హెడ్మాస్టరు గారు ఒంట్లో బాగాలేదని రాయమన్నారు. అబద్ధం రాయనని చెప్పి, ఉన్నదే రాశాను: మదరాసులో ఒక బెంచీ మీద ఇంకా ముగ్గురు కూర్చోవాలి.